చుట్టుకొక టిక్కు

గ్రామఫోన్ రికార్డులు అచ్చువేసే ఆ కార్ఖానాలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఇరవై ఆరేళ్ళుగా అందరికీ చెవులక్కే. అచ్చు నుంచి దిగిన మొదటి రికార్డును అద్దాల గదిలో కూర్చుని ఆసాంతం వినడం, గరగరలూ చిటపటలూ లేకపోతే కాగితం మీద సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం. ఆ సంతకం పడ్డాకే మిగతా వెయ్యి కాపీలూ తయారవుతాయి.

ఆరునెలలుగా ఆమె కుడిచెవిలో సన్నగా ఒక కూత. భర్తకు కూడా చెప్పలేదు. చెబితే ఆయన ఊరుకోడు, డాక్టరంటాడు. డాక్టరంటే కార్ఖానాకు తెలుస్తుంది. తెలిస్తే కుర్చీ పోతుంది. అందుకని నోరు కుట్టేసుకుంది.

అలాంటి రోజుల్లో ఒక ఎలక్ట్రానిక్ రాక్ బ్యాండు వాళ్ళ రీమిక్స్ ఆల్బమ్ వచ్చింది. తమ పాత పాటలు పదింటిని పదిమంది చేతుల్లో పెట్టి, ఇష్టమొచ్చినట్టు విప్పి మళ్ళీ కట్టమన్నారట. వాళ్ళేమీ మొహమాటపడలేదు. ఒకరు గిటారును వెనక్కి నడిపించారు, ఇంకొకరు తలుపు కిర్రుతో తాళం వేశారు. ఏది పాటో ఏది దోషమో తేల్చుకోలేక చెవులక్కకు తలప్రాణం తోకకొచ్చింది.

రెండోవైపు మూడో పాటలో టిక్కుమంది. మళ్ళీ టిక్కు. తన చెవి చేసే అల్లరేమోనని సూది ఎత్తింది. టిక్కు ఆగింది, కూత ఆగలేదు. వెళ్ళి సూపర్‌వైజరును పిలుచుకొచ్చింది. ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్న మనిషి.

"పాటలోదేలే అక్కా. సరిగ్గా తాళం మీద పడుతోంది కదా. దోషానికి తాళజ్ఞానం ఎక్కడిది?" అన్నాడతను.

"ఉండవయ్యా, చివరిదాకా విను."

చివర్లో పాట నెమ్మదించింది. టిక్కు నెమ్మదించలేదు.

"అదీ వాళ్ళ గొప్పేమో! మెషీన్లు ఆపించాక పాటలోదే అని తేలితే పైవాళ్ళు ఏమంటారో తెలుసా? చెవులక్క చెవులు పోయాయంటారు."

ఆమె భయమూ అదే. అయినా కలం మూత పెట్టేసింది. "అంటే అననీ. బ్యాండు వాళ్ళకు ఫోన్ చెయ్యి."

మధ్యాహ్నానికి బ్యాండులో కీబోర్డు వాయించే అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. అందులోని అసలు పాటలో టిక్కు లేదు. రికార్డు వినగానే మాత్రం ఎగిరి గంతేసింది.

"భలే ఉందే! మాకు తట్టనేలేదు. ఉంచేయండాంటీ!"

"ఉంచితే ఎప్పుడో సూది గెంతుతుందమ్మా. నీ పాట అక్కడక్కడే తిరుగుతుంది."

"తిరిగినా బాగుంటుందేమో..."

చెవులక్క ఒక్క చూపు చూసింది.

"వద్దులెండి, తీసేయండి," అంది అమ్మాయి బుద్ధిగా.

అచ్చును దీపం కింద వంచి చూస్తే వెంట్రుకవాసి గీత కనిపించింది. రికార్డు ఒక చుట్టు తిరిగేసరికి ఆ పాటలో సరిగ్గా నాలుగు దెబ్బలు పడతాయి. అందుకే చుట్టుకొక టిక్కు తాళంలో కలిసిపోయింది.

"నీవి పాము చెవులక్కా! ఇంకో ఇరవయ్యేళ్ళు ఈ కుర్చీ నీదే," అన్నాడు సూపర్‌వైజరు.

తల ఊపి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయింది.

"కాదయ్యా. కుడిది కూతపెడుతోంది. ఆరునెలలైంది. ఈసారంటే దొరికింది. మళ్ళీసారి దొరక్కపోతే?"

అతను విసుక్కున్నాడు. "ఆరునెలలు కడుపులో పెట్టుకుని తిరిగావా? నిన్ను లేపేసి ఎవర్ని కూర్చోబెడతాననుకున్నావు? పక్కన ఇంకో కుర్చీ వేయిస్తాను. ముందు డాక్టరు దగ్గరకు నడు."

కుడిచెవికి సన్నని శబ్దాలు తగ్గాయనీ, ఎడమది గట్టిగానే ఉందనీ డాక్టరు తేల్చాడు. భర్త ఇంటికొచ్చేదాకా సణిగాడు, వచ్చాక టీ పెట్టిచ్చాడు. అచ్చు మీద గీత గీసిన చెయ్యి ఎవరిదో గానీ, చల్లగా ఉండాలనుకుంది చెవులక్క.

ప్యాకింగ్ నుంచి వచ్చినామె రెండో కుర్చీలో కూర్చుంది. మూడోరోజు ఏదో రికార్డు వింటూ ఉలిక్కిపడింది.

"అక్కా, ఇప్పుడు చిటపటమంది. వినబడిందా?"

"లేదు," అంది చెవులక్క. ఆ మాట అనగలిగినందుకు ప్రాణం ఎంత తేలికపడిందో ఆమెకే తెలుసు. "ఎక్కడో చూపించు తల్లీ."