లెస్టర్ పేరున్న స్తంభం

అమెరికాలోని మిల్వాకీలో, లోయ అంచున ఉన్న తోళ్ళ ఫ్యాక్టరీలో ఇర్మా నోవిట్స్కి ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. సున్నపు నీళ్ళలో నానిన తోళ్ళకు అంటుకున్న కండ గీకడం ఆమె పని. సాయంత్రం బస్సెక్కితే ఆ కంపుకు పక్కసీటు వాళ్ళు ముక్కు మూసుకుని లేచి వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ముప్ఫై ఏళ్ళు పావురాలు తప్ప దాని మొహం చూసినవాళ్ళు లేరు. తర్వాత ఒక బిల్డర్ కొని, ఇటుకలు తోమించి, ఫ్లాట్లు చేసి, చారిత్రక కట్టడమన్నాడు. అంతే, బస్సులో ముక్కు మూసుకున్న జాతికే దానిమీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

వారసత్వ సంఘం అధ్యక్షురాలు ప్రిసిల్లా కేకు పట్టుకుని ఇర్మా ఇంటికొచ్చింది.

"ప్రారంభోత్సవానికి మీరు రావాలండీ. రెండు తీపి జ్ఞాపకాలు చెబితే చాలు."

"తీపా? అక్కడ నాకు తీపిగా ఉన్నదల్లా ఇంటికెళ్ళమని మోగే గంట ఒక్కటే."

"అబ్బ, ఎంత చమత్కారంగా మాట్లాడతారండీ!" అంటూ ప్రిసిల్లా ఆ మాట పుస్తకంలో రాసుకుంది.

ఇలాంటివాళ్ళను తిట్టినా దండగే అనుకుంది ఇర్మా. అయినా వెళ్ళింది, లెస్టర్ ప్రూయిట్ కోసం.

లెస్టర్ మిసిసిపీ నుంచి వచ్చినవాడు. ఇర్మా షిఫ్టులోనే పని. గొంతు బాగోదని తెలిసీ రోజంతా పాడేవాడు. సున్నపు తొట్టి మీద నడవడానికి వేసిన చెక్క పలక పుచ్చిపోయిందని మేస్త్రీకి మూడుసార్లు చెప్పాడు. 1974లో ఆ పలకే విరిగి, తొట్టిలో పడి చనిపోయాడు. అతని అజాగ్రత్త వల్లేనని కంపెనీ నోటీసు అంటించింది. ఆ వారమే ఇర్మా తోలుకత్తితో పక్కనున్న చెక్క స్తంభం మీద అతని పేరు, దాని కింద ఒక మాట చెక్కింది. మర్నాడే మేస్త్రీ దానిమీద సున్నం కొట్టించాడు.

ఆ తొట్ల గదే ఇప్పుడు వైన్ బార్. పాత యజమాని మనవడు, ఇప్పుడు బిల్డర్‌కు భాగస్తుడు, గ్లాసు పైకెత్తాడు. "మా తాతగారి హయాంలో పనివాళ్ళందరూ ఒకే కుటుంబం!"

"ఆ కుటుంబంలో మమ్మల్ని ఏ పూట భోజనానికి పిలిచారు బాబూ?" అంది ఇర్మా, మైకు అందుకుని.

అందరూ పకపకా నవ్వి చప్పట్లు కొట్టారు. ఏమన్నా వీళ్ళ ఒంటికి తగలదు. ఇర్మా మైకు బల్లమీద పడేసి, తను చెక్కిన మూడో స్తంభం దగ్గరికి వెళ్ళి ఇంటి తాళంచెవితో గీకడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో! అది వారసత్వ స్తంభమండీ!" ప్రిసిల్లా పరుగెత్తుకొచ్చింది.

"తెలుసులే. నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు."

సున్నం పెచ్చులు వైన్ గ్లాసుల్లో రాలాయి. అక్షరాలు బయటపడ్డాయి: 'లెస్టర్ ప్రూయిట్.' దాని కింద ఇంకో వరుస: 'పలక సంగతి ముందే చెప్పాడు.'

సంఘంవారి చరిత్రకారుడు మోకాళ్ళమీద కూలబడ్డాడు. "అజ్ఞాత కార్మికుడి చేతిరాత! అమూల్యం!"

"అజ్ఞాతమేంటయ్యా, ఎదురుగానే ఉన్నానుగా. చెక్కింది నేనే."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు మనవడు దానికి రంగు వేయించమన్నాడు. కుదరలేదు. పాత గుర్తు వేటినీ చెరపకూడదన్న కాగితం మీద పన్ను మినహాయింపు కోసం ఆయనే సంతకం పెట్టాడు. ఆ మాట ఆయనకు చెప్పాల్సిన పని ప్రిసిల్లా మీద పడింది. పత్రికలో ఆ పేరు చూసి లెస్టర్ కూతురు ఒడెస్సా పక్క ఊరు రసీన్ నుంచి వచ్చింది. ఇర్మా ఆమెను బార్‌కు తీసుకెళ్ళింది. స్తంభానికి అప్పటికే అద్దం బిగించారు, మెనూలో 'లెస్టర్' పేరుతో ఒక మందు కూడా చేర్చారు.

"మా నాన్న జన్మలో మందు ముట్టలేదు," అంది ఒడెస్సా.

ఇర్మా మేనేజరును పిలిచి, మెనూ చేతిలో పెట్టి, ఆ పేరు కొట్టేసేదాకా అక్కడే నిలబడింది. ఒడెస్సా అద్దానికి చెయ్యి ఆనించి అక్షరాలు చదువుకుంది.

"పలక సంగతి మాకూ చెప్పాడు. అన్నం తింటూ, పోయే ముందు రాత్రే."