లక్క గదిలో గాలి

నేను సమాజశాస్త్రంలో పరిశోధనకు చేరినప్పుడు మా గైడు గారికి ఒక సిద్ధాంతం మీద గట్టి నమ్మకం ఉండేది. ఇంట్లోనే పని చేసుకునే ఆడవాళ్లు తలుపు మూసుకుంటే అది బందీతనం కాదనీ, ఆ గోడల మధ్య వాళ్లు తమదైన చోటు సంపాదించుకుంటారనీ దాని సారాంశం. వినడానికి బాగుండేది. హైదరాబాదు కార్వాన్‌లో మా ఇల్లంతా ఒకటే గది. తనకంటూ తలుపు ఉన్న ఆడమనిషిని ఊహించుకుంటేనే నాకు అసూయగా ఉండేది.

అలా పాతబస్తీ మొఘల్‌పురాలో లక్క గాజులు చేసే ఒక అక్క దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. మా చిన్నమ్మ వాళ్ల పక్కింటి కింది వాటాలో ఆమె ఉండేది. ఓనర్లు పైన. భర్త ఆటో తీసుకుని బయల్దేరగానే ఆమె తలుపు గడియ పెట్టి, గది మధ్యలో బొగ్గుల కుంపటి రాజేసేది. లక్క ముద్దను ఆ వేడికి మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా వంచి, చల్లారకముందే రంగు రాళ్లు అద్దేది. ఫ్యాను వేస్తే లక్క గట్టిపడుతుంది, బూడిద ఎగురుతుంది. ఉన్న ఒక్క కిటికీకి ఆనుకుని పక్కవాళ్లు గోడ లేపేశారు.

నేను మూలన కూర్చుని ఆమె మాటలు ఫోనులో రికార్డు చేసుకునేదాన్ని. ఆమె మంచి మాటకారి. అత్త నడకను, బజారు షావుకార్ల గొంతులను అనుకరించి నవ్వించేది. కానీ కాసేపయ్యేసరికి ఇద్దరి మాటలూ తగ్గిపోయేవి. నా కణతలు కొట్టుకునేవి. బస్సెక్కి గాలి తగిలాక గానీ తేరుకునేదాన్ని కాదు.

"నీకు గూడ తల నొస్తుందా?" అని ఒకరోజు ఆమే అడిగింది. "నాకైతే రోజూ గిదే లొల్లి. డాక్టరు గోలీలు ఇచ్చిండు. మా అత్త దిష్టి తీసింది. మా అమ్మోళ్లింటికి పోతే మాత్రం ఒక్కనాడు రాదు."

"అక్కడ పని చెయ్యవా అక్కా?"

"ఆడ కుంపటెక్కడిది? తినుడు, పండుడే."

ఈ సంగతి యూనివర్సిటీ బస్సులో నా పక్కన కూర్చునే స్నేహితురాలితో చెప్పాను. ఆమెది పర్యావరణ శాస్త్రం. నా మాట పూర్తికాకముందే ఆమె మొహం మారిపోయింది.

"మూసిన గదిల బొగ్గులా? అది కార్బన్ మోనాక్సైడ్ కావచ్చు. రంగుండదు, వాసనుండదు. నెత్తురు ఆక్సిజన్ కన్నా ముందు దాన్నే పట్టుకుంటది. ఊపిరి ఆడుతున్నట్టే ఉంటది గానీ లోపలికి అందాల్సింది అందదు. మస్తు డేంజర్."

తర్వాతి వారం ఆమె వాళ్ల ల్యాబులో అడిగి ఆ వాయువును కొలిచే చిన్న మీటరు ఒకటి తెచ్చింది. ఇద్దరం అక్క గదికి వెళ్లాం. కుంపటి రాజుకున్న కొద్దిసేపటికే అది కీచుమని మోగింది. స్నేహితురాలు ఒక్క ఉదుటున లేచి తలుపు బార్లా తెరిచింది. అక్క అంతకంటే వేగంగా వెళ్లి మూసేసింది.

"ఏంది జేస్తున్నవు? ముందు దాని నోరు మూయి, పైకి వినవడ్తది."

"గాలి రావాలె అక్కా. లేకుంటే పానం పోతది."

"ఇంట్ల బొగ్గులు రాజెయ్యొద్దని చెప్పే ఇచ్చిండ్రు ఈ వాటా. తలుపు తీస్తే మెట్లు దిగెటోళ్లందరికి కుంపటి కనవడ్తది. గప్పుడు ఇల్లే పోతది. యాడికి పోవాలె చెప్పు?"

స్నేహితురాలు నా వైపు చూసింది. మీటరు మోగుతూనే ఉంది. చివరికి అక్క కుంపటి మీద చెంబెడు నీళ్లు గుమ్మరించి, గడియ తీసి, గడపలో తల పట్టుకుని కూర్చుంది.

తిరిగి వెళ్తూ బస్సులో స్నేహితురాలు మీటరు చూపిన అంకెలు రాసుకుంది. ఆ గదిలో ఏముందో ఆమె శాస్త్రం చెప్పగలిగింది. తలుపు ఎందుకు మూసి ఉందో అడగడం మాత్రం దాని పని కాదు. నా శాస్త్రం ఆ ప్రశ్న అడిగింది గానీ, గదిలోకి రాకముందే జవాబు రాసిపెట్టుకుంది.

రెండింటినీ కలిపి ఒక అధ్యాయం రాసి పరిశోధన కమిటీ ముందు పెట్టాను. ఇది సమాజశాస్త్రం కాదన్నారు ఒకరు. సైన్సు విభాగం నుంచి వచ్చిన ఆయన, ఒక్క ఇంట్లో కొలిస్తే రుజువు ఎలా అవుతుంది, ఇంకా చాలా ఇళ్లు కొలవాలి అన్నారు. ఆయన మాటను తప్పనలేను. కానీ కొలిచే ప్రతి ఇంట్లోనూ దాచుకున్న కుంపటి బయటపడుతుంది.

బయటికొచ్చాక గైడు గారు మెల్లగా అన్నారు. "గడువు దగ్గరపడ్డదమ్మా. మీటరు సంగతి తీసెయ్యి, మిగతాది ఉంచు. ముందు పట్టా రానీ."

ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఒక్క వాక్యం కదల్లేదు. సిద్ధాంతాన్ని వదిలితే పట్టా రాదు. పట్టుకుంటే ఆ గదిలో నేను కూడా పీల్చిన గాలిని లేదనాలి. గోడకు ఆనుకుని చదువుతున్నానని ఇంట్లోవాళ్లు టీవీ గొంతు తగ్గించేవాళ్లు. ఆ నిశ్శబ్దంలో నాకు ఇంకా ఊపిరాడేది కాదు.

కొన్నాళ్లకు అక్క ఫోను చేసింది.

"కండ్లు తిరిగి కుంపటి పక్కనే పడ్డ. చెయ్యి కాలింది. ఇగ నేనే చెప్త ఓనరమ్మకు. నీ దోస్తును తీసుకొని రా."

"ఖాళీ చెయ్యమంటే?"

"చెయ్యమననీ. గీ ఫికర్ ఇంకెన్ని దినాలు?"

ముగ్గురం పైకి వెళ్లాం. ఓనరమ్మ ముసలావిడ. కుంపటి మాట వినగానే "మేరే ఘర్ మే ఆగ్?" నా ఇంట్లో నిప్పా అని అరిచింది. నా స్నేహితురాలు వచ్చీరాని ఉర్దూలో ఆ వాయువు సంగతంతా చెప్పింది. మెట్ల సందులోంచి పైకి కూడా రావచ్చని చెప్పింది. ముసలావిడ ఆగిపోయింది. మంచం మీద నిద్రపోతున్న మనవరాలి వైపు చూసింది.

"ఊపర్ భీ ఆతా?"

పైకి కూడా వస్తుందా అని. అక్కను కాపాడాలని మేం తెచ్చిన మాటే ఆమెను వీధిలోకి తోసేలా ఉంది. అక్క కొంగు అంచును కట్టు కట్టిన చేతికి చుట్టుకుంటూ నిలబడింది.

ముసలావిడ మనవరాలి మీద దుప్పటి సర్ది, అక్క వైపు తిరిగింది. "ఘర్ మే నక్కో. ఛత్ పే కర్లేవ్." ఇంట్లో వద్దు, డాబా మీద చేసుకో అని.

డాబా మీద పాత సామాన్ల కోసం వేసిన రేకుల పందిరి ఉంది. కుంపటి అక్కడికి చేరింది. చలికాలం అయిపోయేలోపు అక్కకు తలనొప్పి పూర్తిగా పోయింది.

నేను ఆ అధ్యాయాన్ని మార్చలేదు. ఇల్లు పోతుందన్న భయమే ఆ తలుపు మూసిందని సూటిగా రాశాను. ఆమె ఎవరో, ఎక్కడుంటుందో తెలిసే వివరాలన్నీ తీసేశాను. సిద్ధాంతానికి ఇది కుదరదన్నారు గైడు గారు. అయితే సిద్ధాంతాన్నే మార్చవచ్చు కదా సార్ అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు గానీ సంతకం పెట్టలేదు. గడువు పొడిగించమని అర్జీ పెట్టుకున్నాను. ఇంకా జవాబు రాలేదు.

మొన్న ఎండల్లో డాబా మీదికి వెళ్లాను. రేకుల కింద అడుగు పెడితే మొహం మీద సెగ కొట్టింది. అక్క తడి తువ్వాలు తలకు చుట్టుకుని పని చేస్తోంది.

"తల నొస్తలేదు కదా?"

"లేదు. కానీ పెనం మీద కూసున్నట్టే ఉంది. ఈ ఎండకు లక్క జల్ది చల్లారదు. పొద్దుగాల చేద్దామంటే ఓనరోళ్ల నెత్తి మీద చప్పుడైతదట."

"మళ్లీ కింది గదిలోకి పోవు కదా?"

"ఓనరమ్మ ఊకుంటదా?" అంటూ తువ్వాలును బకెట్లో ముంచి, పిండి, మళ్లీ తలకు చుట్టుకుంది.