కాకినాడ రేవు నుంచి సారపాక అక్క ఇంటికి

మా ఓడ కాకినాడ తీరానికి దూరంగా లంగరు వేసుకుని బియ్యం బస్తాలు ఎక్కించుకుంటోంది. నిండగానే ఆఫ్రికా ప్రయాణం, మళ్లీ వారాల తరబడి నీళ్లే. ఈ మధ్యలో నాకు రెండు రోజుల సెలవు దొరికింది. తోటివాళ్లు ఒడ్డున మంచి భోజనం, కదలని మంచం వెతుక్కున్నారు. నేను సారపాక బయల్దేరాను. నా కూతురు చిన్ని అక్కడ మా అక్క దగ్గర పెరుగుతోంది. దానికి నాలుగేళ్లు. దాని తల్లి జ్వరంతో పోయిననాటికి అది ఎనిమిది నెలల పిల్ల, నేను నడిసముద్రంలో ఉన్నాను. ఈసారైనా నాన్నా అని పిలుస్తుందేమోనని ఆశ.

తెల్లవారుజామున ఐదున్నరకు లాంచీ ఎక్కి ఒడ్డు చేరాను. తొమ్మిదిన్నరకు రాజమండ్రి, పదింటికి భద్రాచలం బస్సు. ఈ దారిన వచ్చేవాళ్లు ముందు సీట్లు పట్టుకోండి. మారేడుమిల్లి ఘాట్‌లో వెనక కూర్చున్నవాళ్ల అవస్థ చెప్పకూడదు. తుఫానులకు చలించని నా కడుపు రెండో మలుపుకే తిరిగింది. పదేళ్ల నౌకరీ పరువు అక్కడే పోయింది.

చింతూరులో కొండచీపుళ్ల మోపుతో ఒకామె పక్కన కూర్చుంది.

"ఏంది తమ్మీ, గట్ల ఊగుతున్నవ్? తాగినవా?"

"లేదక్కా, ఓడల పనిచేస్త. ఒడ్డెక్కినంక రెండు రోజులు గిట్లనే ఉంటది. ఊగుడు తగ్గేటాళ్లకు మళ్ల ఎక్కాలె."

"మరి నీకు నేల కుదిరేదెప్పుడు?" అని నవ్వింది. నేనూ నవ్వాను గాని ఆ మాట గుచ్చుకుంది.

నాలుగున్నరకు భద్రాచలంలో దిగి, ఆటోలో గోదావరి వంతెన దాటి సారపాక చేరాను. తలుపు తీసింది చిన్నియే. నన్ను చూసి లోపలికి పరుగెత్తింది.

"అమ్మా, మామ వచ్చిండు!"

"మామ గాదే, నాన్న! ఎన్నిసార్లు చెప్పాలె?" అని అక్క కసిరింది.

పిల్ల తప్పేం లేదు. అక్క కూతురు శ్రావణి ఫోన్లో నన్ను మామా అని పిలుస్తుంది. నేను దానికి మేనమామనే కదా. శ్రావణి అమ్మే తనకూ అమ్మ, శ్రావణి నాన్నే తనకూ నాన్న అనుకున్నాక, చిన్నికి నేను మామ కాక ఇంకేమవుతాను?

ఆరింటికి బావ కాగితం మిల్లులో కాంట్రాక్టు పని ముగించుకుని వచ్చాడు. చిన్ని "నాన్నా" అంటూ ఆయన మెడకు చుట్టుకుంది. బావ మొహమాటపడి దాన్ని కిందికి దించాడు.

"మీ నాన్న గాడ ఉన్నడు బిడ్డా. పో, దగ్గరికి పో."

అది నా వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. వెనక్కి తిరిగి బావను అడిగింది.

"మరి నువ్వు నా నాన్నవు గాదా?"

ఆయన నా వైపు చూశాడు. పిల్ల పెదవులు వణికాయి. ఇంత భయం పెట్టి నేను సంపాదించుకునే పిలుపు ఎందుకనిపించింది.

"ఆయనే మీ నాన్న. నేను మామనే," అన్నాను.

అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

"గట్లెందుకన్నవ్ బామ్మర్దీ?" అన్నాడు బావ.

"రేపు నేను పోతగదా బావా. నువ్వుంటవ్."

ఆ తర్వాత పిల్ల బెదురు తీరింది. నా చేతి ముద్దలు తింది, నా ఒళ్లో కూర్చుని చేపల గురించి అడిగింది. అంత సంతోషం, అంత దుఃఖం ఒకేసారి నేనెన్నడూ ఎరగను.

మర్నాడు పొద్దున ఏడింటికి భద్రాచలంలో బస్సెక్కాను. ఓడ రేవులో ఆగితే అలసట తీరుతుందంటారు. ఇంత అలసట నాకు ఏ సముద్రంలోనూ కలగలేదు. సాగనంపడానికి వచ్చిన చిన్ని, మా అక్క చెయ్యి పట్టుకుని కిటికీ కింద నిలబడింది.

"మామా, మళ్లెప్పుడొస్తవ్?"

మేనమామలు పిలిచినట్టే పిలిచాను.

"జల్దీ వస్త కోడలా!"

అది ముసిముసిగా నవ్వింది. బస్సు కదిలింది. పక్క సీటు పెద్దాయన కూడా దానికి చెయ్యి ఊపి నా వైపు తిరిగాడు.

"ముద్దుగున్నది. నీ బిడ్డనా?"

"కాదు," అన్నాను. "మా అక్క బిడ్డ."