బతికున్న మనిషి కబురు

ఉలిగప్ప చివరి పదేళ్ళు ధర్మవరం స్టేషన్ గూడ్స్ షెడ్డులో శనక్కాయ మూటలు మోశాడు. మనిషి నెమ్మదస్తుడు, పనికి వంక పెట్టడానికి లేదు. ఒక్కటే చాదస్తం. వెనకాల ఎవరు నడిచినా ఓర్చుకోలేడు. అడుగుల చప్పుడు వినబడితే నెత్తిన మూట ఉన్నా సరే పక్కకు జరిగి, "ముందు పో నాయనా" అనేవాడు. మిగతా కూలీలు కావాలనే వెనక చేరి, "ఏమప్పా, నీ ఎనకాల దయ్యం వస్తాండాదా?" అని ఏడిపించేవాళ్ళు.

"దయ్యాలు కావబ్బా. దావ తెలీనోళ్ళు" అన్నాడు ఒకసారి. ఆ తర్వాత ఎవరూ ఏడిపించలేదు.

షెడ్డుకు రాకముందు పద్దెనిమిదేళ్ళు అతని పని చావు కబుర్లు మోయడం. సొంతూరు పెనుకొండ దగ్గర గుట్టకిందపల్లి. ఊళ్ళో రెడ్ల ఇళ్ళలో ఎవరు పోయినా చుట్టాల ఊళ్ళకు తెలియజేయవలసింది మాదిగ గేరిలో అతని ఇంటివాళ్ళు. తాత మోశాడు, నాయన మోశాడు, తర్వాత ఉలిగప్ప. ముదిగుబ్బ, తాడిమర్రి, లేపాక్షి, రెడ్లు ఎక్కడ సంబంధం కలుపుకుంటే అక్కడికి ఇతని నడక.

ఆ పనికో పద్ధతి ఉంది. చుట్టాల ఇంటి వాకిట్లోకి పోకూడదు. పశువుల కొట్టానికి ఇవతల, ఎరువుదిబ్బ దగ్గరే ఆగాలి. తలగుడ్డ తీసి, చేతికర్ర నేల మీద అడ్డంగా పెట్టి కూర్చోవాలి. ఇంట్లోవాళ్ళు చూస్తారు. చూశాక చెప్పడానికి ఇంకేమీ ఉండదు. పోయిందెవరని కేకేస్తే ఆ పేరు చెప్పాలి, అంతే.

రెండో పద్ధతి నాయన చెప్పింది. "దావలో ఎనక్కి తిరిగి సూడాకు. పోయినోళ్ళు నీ ఎనకాలే వస్తారు. వాళ్ళోళ్ళ ఇంటిదాకా దావ సూపించాల్సింది నువ్వే."

మొదటిసారి ఉలిగప్ప నమ్మలేదు. రెండు మైళ్ళు నడిచాక నమ్మాడు. వెనకాల అడుగుల చప్పుడు ఇసకలో ఒక రకంగా, గులకరాళ్ళ మీద ఒక రకంగా వినిపించేది. తను ఆగితే ఆగేది. ఒక్కొక్కరిది ఒక్కో నడక. ఆయాసంతో ఆగి ఆగి వచ్చేవాళ్ళు, పరుగెత్తి అందుకోవాలని చూసే పసిపిల్లలు. దిబ్బ దగ్గర తను కూర్చోగానే ఆ అడుగులు తనని దాటుకుని, వాకిలి దాటి, గడప దాటి లోపలికి పోయేవి. చచ్చినవాళ్ళు పోగలిగిన చోటికి ఉలిగప్ప పోకూడదు.

అది 1956, శనక్కాయ పీకే కాలం. అంటరానితనం నేరమని చట్టం వచ్చి ఏడాది దాటింది. చట్టం రైలెక్కి పెనుకొండ దాకా వచ్చింది కానీ అక్కణ్ణుంచి గుట్టకిందపల్లికి నడవలేదు.

ఆ ఊరి వెంకటస్వామి రెడ్డి తల్లి వెంకటలక్ష్మమ్మ నెల రోజులుగా మంచంలో ఉంది. ఒక్కతే కూతురు, నీలావతి. హిందూపురం దావలో పది మైళ్ళ దూరాన బసవనపల్లికి ఇచ్చారు. ఒక మంగళవారం తెల్లవారుతుండగా ముసలామెకు తెలివి బాగా వచ్చింది. అది వెలుగు కాదు, ఆరిపోయే ముందు ఎగసే దీపమని ఆమెకే ముందు తెలిసింది. కూతుర్ని చూడాలంది. సేద్యగాళ్ళు చేనికి పోయారు. బండి కూడా చేనిలోనే ఉంది.

"ఉలిగాణ్ణి పంపు, వాడైతే బిరీన పోతాడు" అంది.

"వానినా? వాడు పోతే వాళ్ళేమనుకుంటారమ్మా?"

"సావు కబురు మోసేటోడికి బతుకు కబురు మొయ్యడం రాదా?" అని, కబురు పడుతుందేమోనని పెరటి కంచె అవతల కాచుకున్న ఉలిగప్ప వైపు తల తిప్పింది. "రేయ్, నేనుండంగానే దాన్ని తీసుకరా. నమ్మకపోతే సెప్పు. సెవులు కుట్టేనాడు అది నా సెయ్యి కొరికింది, మచ్చ ఇంగా ఉండాదని సెప్పు."

దావ పొడుగునా వెనకాల ఏ చప్పుడూ లేదు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఒంటరిగా నడిచాడు. ఆ నిశ్శబ్దం అతన్ని రెండుసార్లు భయపెట్టింది.

పొద్దు బారెడెక్కేసరికి బసవనపల్లి చేరాడు. దిబ్బ దగ్గర ఆగాడు. తలగుడ్డ తీయలేదు. కర్ర కింద పెట్టలేదు, ఎత్తి పట్టుకున్నాడు. అదేదీ ఎవరూ గమనించలేదు. తొట్టి దగ్గర చెంబులు తోముతున్న ముసలామె తలెత్తి, ఉలిగప్ప ముఖం చూసి, కెవ్వుమంది. క్షణంలో ఇల్లంతా శోకాలు లేచాయి. నీలావతి పరుగున వచ్చి వాకిట్లో కూలబడింది.

"బతికుండాది తల్లీ! బతికుండాది!" అని అరిచాడు ఉలిగప్ప. నలభై అడుగుల దూరం, పదిమంది ఆడవాళ్ళ ఏడుపు. అతని అరుపు ఆ ఏడుపులో కలిసిపోయింది. కబురు తెచ్చినవాడు కూడా ఏడుస్తున్నాడనుకున్నారు.

నీలావతిని నూతి దగ్గరికి తీసుకుపోయి తల మీద నీళ్ళు గుమ్మరించారు. మామ ఆదినారాయణ రెడ్డి అరుగు మీద కూర్చుని ఆలోచించాడు. "మంగళవారం, ఆడబిడ్డను బయలుదేరదీయగూడదు. పీనుగ రేపటిదాకా ఉండదు. మూడోదినానికి పోదాంలే."

ఏడుపులు కొంచెం సద్దుమణిగాక అది ఉలిగప్పకు వినబడింది. "రెడ్డీ! ముసలమ్మ బతికుండాది! బిడ్డను సూడల్లంటాండాది! ఇప్పుడే పోవల్ల!"

ఈసారి అందరికీ వినబడింది. ఏడుపు ఆగిపోయింది. ఆదినారాయణ రెడ్డి లేచి నిలబడ్డాడు.

"బతికున్నోళ్ళ కబురుకు నిన్నెందుకు పంపుతార్రా?"

చేను, బండి, సేద్యగాళ్ళు అంటూ ఉలిగప్ప అరిచాడు. ఆ ఇంటివాళ్ళు ముఖాలు చూసుకున్నారు. పోయినోళ్ళ పేరు తప్ప ఆ నోట ఇంకో మాట వాళ్ళెప్పుడూ వినలేదు.

"వాడు కాదు మాట్లాడతాండేది" అంది తొట్టి దగ్గరి ముసలామె. "పోయిన వియ్యపురాలే. బిడ్డను ఎంట తీసుకపోదామని వచ్చింది."

వేపమండలు గడపకు అడ్డంగా పడ్డాయి. నీలావతిని లోపలికి లాగారు. తలుపు మూసుకుంది.

ఉలిగప్ప దిబ్బ దగ్గరే నిలబడ్డాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది, వాలింది. గొంతు పోయేదాకా అరిచాడు, మచ్చ సంగతి కూడా. అరిచినకొద్దీ, దయ్యం పోవాలని లోపల వాయించే గంట చప్పుడు పెరిగింది. వెనక్కి పోవచ్చు. ముసలామె అడిగితే వాళ్ళు నమ్మలేదని చెప్పవచ్చు. కానీ ఆమె బతికుండగా అడుగుతుందో, పోయాక వెనకాల నడుస్తూ అడుగుతుందో తెలియదు. రెండోది తలచుకునేసరికి కాళ్ళు కదిలాయి. వెనక్కి కాదు.

కొట్టం దాటాడు, వాకిట్లోకి వచ్చాడు. కళ్ళాపి చల్లిన నేల అరికాళ్ళకు చల్లగా తగిలింది. వేపమండలు తొక్కి, తలుపు మీద చెయ్యి వేసి, మెల్లగా మాట్లాడాడు. రెడ్ల ఇళ్ళతో అరవడమే తప్ప మాట్లాడడం ఎరగని గొంతు అది.

"తల్లీ నీలావతమ్మా, సెవులు కుట్టేనాడు మీయమ్మ సెయ్యి కొరికినావంట. మచ్చ ఇంగా ఉండాదంట. సెప్పమనింది."

లోపల గంట ఆగింది. తలుపు తెరుచుకుంది.

ఆ ఇంటి జీతగాళ్ళెవరూ ఉలిగప్పతో దావ నడవడానికి ఒప్పుకోలేదు. చివరికి ఆ ఊళ్ళో బాడుగబండి తోలే గౌస్‌సాబ్ తన బండి కట్టాడు. "నాకేమి భయమబ్బా, మా దయ్యాలు వేరు" అన్నాడు. నీలావతి ఆరీ ఆరని జుట్టుతోనే బండెక్కింది. ఉలిగప్ప ముందు నడిచాడు.

సగం దావలో చెరువుకట్ట వస్తుంది. ఎండ ఇంకా పసుపుగా ఉంది. కట్ట దిగుతుండగా వెనకాల అడుగులు మొదలయ్యాయి. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు. వెంకటలక్ష్మమ్మకు ఎడమ మోకాలు పదేళ్ళుగా వంగదు.

బండికీ అతనికీ మధ్య ఎవరూ లేరని అతనికి తెలుసు. ఎద్దులు నిలబడిపోయాయి. గౌస్‌సాబ్ ముల్లుకర్రతో పొడిచినా కదల్లేదు. ఆ ఈడ్పు అడుగులు ఉలిగప్పను వదిలి వెనక్కి మళ్ళాయి. బండి పక్కకు, చక్రం దగ్గరికి. అప్పుడు ఎద్దులు కదిలాయి.

"ఉలిగా, ఇంగెంత దూరం?" అంది నీలావతి బండిలోంచి.

"దగ్గరే తల్లీ."

"నాకోసం సూస్తాంటాది గదా?"

పద్దెనిమిదేళ్ళు చావు కబుర్లు మోసినవాడు, ఆ ఒక్క కబురు పది అడుగుల దూరం మోయలేకపోయాడు. "సూస్తాంటాది" అన్నాడు.

గుట్టకిందపల్లి పొలిమేరలోనే శోకాలు వినబడ్డాయి.

తర్వాత జరగవలసినవి జరిగాయి. బసవనపల్లి ఇంటిని శుద్ధి చేయించారు. రచ్చ దగ్గర ఉలిగప్పను కొట్టారు. ముసలామె చచ్చిందని తెలిసీ బతికుందని ఇంటి ఆడబిడ్డను పిలుచుకొచ్చాడన్నది నేరం. వాకిట్లో కాలు పెట్టాడన్నది అంతకంటే పెద్దది. కబురు మోసే పని తీసి అతని దాయాదికి ఇచ్చారు.

తల్లి ఏడాది దినానికి నీలావతి పుట్టింటికి వచ్చింది. ఉలిగప్పను పిలిపించింది. అతను పెరటి కంచె అవతల నిలబడ్డాడు. బయలుదేరేటప్పుడు భార్య కుళ్ళాయమ్మ మరీ మరీ చెప్పింది, ఏమడిగినా దేవునికెరుక అనమని.

"ఆ పొద్దు నువ్వు మా దిబ్బకాడికి ఎప్పుడొచ్చినావు?"

"పొద్దు బారెడెక్కినప్పుడు తల్లీ."

"మాయమ్మ పోయింది మాపటేల నాలుగుగంటలకంట. అన్న సెప్పినాడు." ఒక అడుగు కంచె దగ్గరికి వచ్చింది. "నువ్వు మొదుట అరిసినప్పుడే బండి కట్టింటే?"

ఉలిగప్ప నేల చూశాడు. దేవునికెరుక అనే మాట నాలిక మీదికి వచ్చింది.

"అందుకునేవాళ్ళం" అన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఎండనబడి వచ్చినావు, నీళ్ళు తాగుతావా?" అంది.

తల ఊపాడు. చెంబు తెచ్చింది. అతను కంచె ఇవతలకు వంగి దోసిలి పట్టాడు. సగం నీళ్ళు నేల పాలయ్యాయి. అయినా ఆమె చెంబును దోసిలికి మూరెడు ఎత్తునే పట్టుకుంది. అతను తాగాక చెంబు మీద నీళ్ళు చిలకరించుకుని లోపలికి తీసుకుపోయింది.