దొండకాయలు సన్నగా కోయాలి

నడికుడి రైల్వే క్వార్టర్లలో ఉండే శాంతికి కుడి మణికట్టు వాచి రెండేళ్లయింది. కూలికి వెళ్లే రోజుల్లో మిరపకాయల తొడిమలు తుంచీ తుంచీ మొదలైన నొప్పి అది. కూలి మానేస్తే తగ్గుతుందనుకుంది. ఇంట్లో కత్తిపీట ఉండగా ఎందుకు తగ్గుతుంది? మొగుడు నెహెమ్యా రైల్వేలో కీమాన్, పట్టాల బిగింపులు సరిచూసే పని. తెల్లారకముందే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడక మొదలుపెడతాడు. ఆయన క్యారేజీలోకి ఏదైనా సరే, కారంగా ఉంటే చాలు. పళ్లు ఒక్కటీ మిగలని అత్త రాహేలుకు మాత్రం దొండకాయైనా బెండకాయైనా కాగితంలా కోయాలి, లేకపోతే చిగుళ్లు నొప్పి అంటుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో కూరలు కోస్తున్నది శాంతే.

నరసరావుపేటలో డాక్టరు ఆ చెయ్యి ఇటూ అటూ వంచి చూసి కత్తిపీట మానెయ్యమన్నాడు. మానకపోతే ఆపరేషన్ తప్పదన్నాడు, చేసినా మునుపటి పట్టు వస్తుందని చెప్పలేనన్నాడు. శాంతి లోపల బాగా భయపడింది. ఆ చెయ్యి పనిచేయకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ సంగతి డాక్టరుకేం తెలుసు?

బస్సెక్కేముందు స్టీలు సామాన్ల కొట్టుకెళ్లి, చిప్స్ కోసే స్లైసర్లు చూపించమంది. కొట్టాయన ముందు ప్లాస్టిక్‌ది తీసి, ఆరు బ్లేడ్లు మార్చుకోవచ్చని ఊదరగొట్టాడు. శాంతి దాన్ని రెండు చేతులా పట్టుకుని వంచితే వంగింది. నా చేతికి వంగేది కాయకేం ఆగుతుందని పక్కన పెట్టేసింది. చెక్కది బాగుంది గానీ ముక్క మందం మార్చే వీల్లేదు. చివరికి స్టీలుది నచ్చింది. అడుగున మర తిప్పితే మందం మారుతుంది, గిన్నె అంచుకు తగిలించడానికి గాడి ఉంది, కాయను ముళ్లతో పట్టుకునే మూత ఉంది. ఆ మూతే ముఖ్యం. అది లేనిది కొనుక్కుంటే వేళ్లు కూడా కూరలో వేసుకోవాల్సిందే. కాళ్లు పీకుతుంటే అక్కడే స్టూలు మీద కూర్చుని, మూడుసార్లు బిగించి విప్పి చూసుకుని మరీ కొన్నది.

ఇంటికొచ్చి దొండకాయ కొన తీసేసి, మూతతో పట్టి బ్లేడు మీద జరిపింది. నొక్కక్కర్లేదు, జరిపితే చాలని రెండో కాయకే తెలిసిపోయింది. గిన్నెలో పల్చటి బిళ్లలు రాలాయి. అత్త కూడా వంక పెట్టలేదు. మూతలో మిగిలిపోయే మొండి ముక్కలు పారెయ్యడానికి మనసొప్పక, పులుసులో వేసుకుని శాంతే తినేది. వారం తిరిగేసరికి వాపు సగానికి సగం తగ్గింది. వంటగట్టు దగ్గర నిలబడి ఆ చేతిని కాసేపు అలా చూసుకుంది.

అక్కడితో బాగుంటే బాగుండేది. ఎనిమిదో రోజున పక్క క్వార్టర్ రోహిణి కిలో కాకరకాయలు తెచ్చింది. ఆ మర్నాడు ఎదురింటివాళ్లు అరటికాయలు పంపారు. మిషన్ ఇమ్మని మాత్రం ఒక్కళ్లూ అడగలేదు. వాళ్లకు వేళ్లు తెగుతాయని భయం. అందరూ కాయలు తెచ్చి గట్టు మీద పెట్టి, నీకు చిటికెలో పని గదా వదినా అని వెళ్లిపోయేవాళ్లు. కాదంటే ఏమనుకుంటారోనని శాంతి కోసిపెట్టింది. నెలకల్లా మణికట్టు మళ్లీ మొదటికొచ్చింది. పని తగ్గుతుందని కొన్న వస్తువు ఊరి పనంతా ఇంటికి తెచ్చింది.

ఆ శనివారం సాయంత్రం వాళ్ల చర్చి పాస్టరమ్మగారు ఆటోలో ఉల్లిపాయల బస్తా దింపించారు. ఆదివారం సంఘంలో ప్రేమవిందు, ఆరాధన అయ్యాక అందరికీ భోజనాలు. ఎప్పుడూ పదిమంది ఆడవాళ్లు చర్చి వెనక వరసగా కూర్చుని, పాటలు పాడుకుంటూ కోసే ఉల్లిపాయలు అవి. ఈసారి శాంతికి మిషన్ ఉందిగా అని అందరూ చేతులు దులిపేసుకున్నారు. శాంతి బస్తా వైపు చూసింది, తన చెయ్యి వైపు చూసుకుంది. లోపలికెళ్లి స్లైసరు, మూత రెండూ తెచ్చి బస్తా మీద పెట్టింది.

"అమ్మగారూ, ఇది తీసుకుపోండి, సంఘానికే ఉంచుకోండి. మూత లేకుండా వాడొద్దు. చెయ్యి మాత్రం నాది, అది ఇయ్యలేను."

పాస్టరమ్మగారు వాచిన మణికట్టు చూసి, ముందే చెప్పొచ్చు గదా అన్నారు. ఎవరు అడిగారని చెప్పాలి? ఆటో బస్తానూ స్లైసరునూ ఎక్కించుకుని వెళ్లిపోయింది. శాంతి మణికట్టుకు పట్టీ చుట్టుకుని గడపలో కూర్చుంది. కోపం కూడా రాలేదు. అలసట, అంతే.

నెహెమ్యా డ్యూటీ దిగి వచ్చాడు. లోపల్నుంచి రాహేలు, ఇంకా కూర కాలేదా అని గొణుగుతోంది. దొండకాయలు చేటలో అలాగే ఉన్నాయి.

"నాకు చానా నొప్పిగా ఉందయ్యా. ఇయ్యాల నువ్వు కొయ్యి," అంది శాంతి.

"నాకేం వచ్చు?" అన్నాడు నెహెమ్యా.

శాంతి గడపలోంచి లేవలేదు. ఆయన చొక్కా విప్పి, కత్తిపీట వాల్చుకున్నాడు. దాని మీద ఏ కాలు వెయ్యాలో తెలియక రెండుసార్లు లేచి కూర్చున్నాడు. ఒక్కో కాయనూ నిలువుగా రెండు చెక్కలు చేసి, చాల్లే అనుకుని పొయ్యి మీద పెట్టాడు. కూర సగం మాడింది, సగం పచ్చి. రాహేలు ఒక ముక్క నోట్లో వేసుకుని చప్పరించి, తీసి కంచం అంచున పెట్టింది. కొడుకు కోసినందుకేమో, నోరెత్తలేదు.

శాంతి ఎడంచేత్తో చెంచా పట్టుకుని తిన్నది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఇంకొకరు కోసిన కూర తినడం అదే మొదటిసారి. ముక్కలు లావుగా ఉన్నాయి. రెండోసారి కూడా వడ్డించమంది.