రాతి చర్చిలో నేను చదివిన ఆదివారాలు

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత నా గొంతు పోయింది. పూర్తిగా పోలేదు, గాలి మిగిలింది. పక్కనున్న మనిషి చెవి దగ్గర పెడితే నేనేమంటున్నానో తెలుస్తుంది. అప్పటికి ఇరవై రెండేళ్లుగా ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్నాను. అంతకంటే ఎక్కువ కాలంగా మా చర్చిలో పాట ఎత్తేది నేనే. కరెంటు పోయి మైకు ఆగినా చివరి వరస దాకా నా పాట వినపడేదని అందరూ అనేవాళ్లు. ఆ సంగతి నాకూ బాగానే తెలుసు. లోలోపల గర్వం కూడా ఉండేది.

డాక్టరు ముందు ఆరు నెలలన్నాడు, తర్వాత ఏడాదన్నాడు. ఏడాది దాటాక ఇంకేమీ అనలేదు. బడి మానుకున్నాను. చర్చిలో ముందు వరస నుంచి గుమ్మం పక్క కుర్చీకి మారాను. పాట మొదలైనప్పుడు పెదవులు కదిపితే పక్కామె జాలిగా చూసేది. అందుకని కదపడం కూడా మానేశాను.

ఒకరోజు ఉదయగిరి వైపు ఊళ్లు చూసుకునే పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, వచ్చిన పని చెప్పారు.

"సీతారామపురం రోడ్డులో ఒక పల్లె ఉండాదమ్మా. రాతి చర్చి, దొరల కాలంలో కట్టింది. జనమంతా పనులకి బెంగుళూరు, మద్రాసు పొయ్యినారు. నేను నెలకొకసారి పోవడం కూడా కష్టంగా ఉండాది. ఆదివారం తలుపు తీసి వాక్యం చదివే మనిషి కావాల."

"నాకు గొంతు లేదయ్యగారూ," అన్నాను. ఆయన ముందుకు వంగి విన్నారు.

"వినే చెవులు కూడా ఆడ ఎక్కువ లేవులేమ్మా," అన్నారు, నవ్వకుండా.

ఆయన వెళ్లాక మా ఆయన అందుకున్నాడు. "ఆ గొంతేసుకోని కొండల్లోకి పోయి ఏం చదువుతావు? నీ మాట ఇంట్లో నాకే వినపడదు."

"పెళ్లైనప్పటి నుంచీ నా మాట నీకు ఎప్పుడు వినపడిందని?" అని కాగితం మీద రాసి ఇచ్చాను. చదువుకుని నవ్వాడు. ఆదివారం పొద్దున తనే బస్టాండులో దించాడు.

నిజానికి నాకు వెళ్లాలని లేదు. గొంతు ఉన్న రోజుల్లో దేవుడికి ఇచ్చాను. ఇప్పుడిచ్చేది అడుగంటిన గిన్నెలోంచి మాడు గీకి పెట్టినట్టే ఉంటుంది. కానీ కాదనడానికి కూడా నాకు బలమైన గొంతు లేదు. అందుకే వెళ్లాను.

ఉదయగిరిలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని ఆ పల్లె చేరేసరికి పదకొండు దాటింది. ఆటో మొదటి ఇంటి దగ్గరే ఆగింది. లోపలికి దారి బాగలేదని డ్రైవరు చెప్పాడు గానీ, దారి బాగానే ఉంది. నన్ను దించి, వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

వీధికి రెండు వైపులా ఇళ్లన్నీ తాళాలు. కొన్ని గుమ్మాలకి అడ్డంగా ముళ్లకంప పెట్టి ఉంది. ఒక అరుగు మీద స్టీలు చెంబు బోర్లించి ఉంది, ఇప్పుడే ఎవరో నీళ్లు తాగి పెట్టినట్టు. దగ్గరికెళ్లి చూస్తే దాని మీద వేలు మందం దుమ్ము. కుక్కలు కూడా లేవు. నా చెప్పుల చప్పుడు గోడలకి తగిలి నా వెనకనుంచి వస్తుంటే రెండుసార్లు ఆగి తిరిగి చూశాను.

చర్చి వీధి చివర, గుట్టకి ఆనుకుని ఉంది. పాస్టరుగారు తాళంచెవి ఇచ్చారు గానీ దాని అవసరం పడలేదు. తలుపు తెరిచే ఉంది. లోపల బండలు అప్పుడే తుడిచినట్టు తడిగా ఉన్నాయి. మధ్యలో ఒకే ఒక చాప పరిచి ఉంది. ముందున్న బల్ల మీద ఒక పాత బైబిలు, పక్కన ఉదయగిరి చెక్క గిన్నె, అందులో పిడికెడు బియ్యం. మా క్రైస్తవుల ఇళ్లల్లో ఆడవాళ్లు పూటపూటా వండే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కోసం పక్కన పెట్టడం పాత అలవాటు. నేను "ఎవరండీ" అన్నాను. ఆ మాట నా నోటి దగ్గరే ఆగిపోయింది.

గంటసేపు కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎండ గుమ్మంలోకి వచ్చి ఆగింది. వచ్చినదాన్ని ఎట్లా తిరిగిపోను అనుకుని లేచి నిలబడి ఒక కీర్తన చదివాను. ఖాళీ గదిలో నా ఊపిరి చప్పుడే నాకు వినపడింది. తర్వాత కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. పొడుగైనది కాదు. ఇదే ఉంది ప్రభువా, ఇంతే ఉంది, అన్నాను. చివర ఆమెన్ అనబోయాను.

నాకంటే ముందు ఎవరో అన్నారు.

ఆడగొంతు. నిండుగా, పాటలోలాగా సాగదీసి. ఎడమవైపు మూలనుంచి వచ్చింది. కళ్లు తెరిచి చూశాను. మూలలో మడిచి పెట్టిన చాపలు తప్ప ఏమీ లేవు.  సంచీ తీసుకుని బయటికొచ్చి, తారురోడ్డు దాకా ఆగకుండా నడిచాను. ఇంటికి వెళ్లాక మా ఆయనకి చెప్పలేదు. చెప్పాలంటే ఒక్కో మాట ఆయన చెవిలో ఊదాలి. ఆ సంగతి అట్లా ఊదడానికి భయమేసింది.

ఆ వారమంతా వెళ్లకూడదనుకున్నాను. కానీ ఆదివారం ఐదింటికే మెలకువ వచ్చింది. ఆ తడి బండలు, ఆ పిడికెడు బియ్యం కళ్లముందు కదిలాయి. నా కోసం ఎవరో సిద్ధం చేశారు. వెళ్లాను.

ఈసారి వీధి మొదట్లో గొర్రెలు అడ్డమొచ్చాయి. వాటి వెనక యాభై ఏళ్ల మనిషి, తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"పోయిన వారం చర్చిలోకి వచ్చింది మీరేనామ్మా? మేం చర్చికి పోయేవాళ్లం కాదు గానీ, మీ పాటకి నేను గొర్రెల్ని నిలిపేసినాను. గుట్ట పైదాకా వినపడింది. ఏం గొంతమ్మా అది."

"నేను పాడలేదు," అన్నాను.

అతనికి వినపడలేదు. దగ్గరికొచ్చి చెవి పెట్టాడు. మళ్లీ చెప్పాను. ఆ గాలి చెవికి తగలగానే అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"మరెవురు పాడినట్టు?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. గొర్రెల్ని అదిలించుకుంటూ వెళ్లిపోయాడు.

లోపల అంతా పోయిన వారంలాగే ఉంది. తడి బండలు, ఒక చాప, బియ్యం. ఈసారి నేను వెనకగోడ కిటికీకి ఎదురుగా నిలబడి చదివాను. సగంలో ఉండగా బండల మీద కిటికీ ఎండలో తలకాయంత నీడ కదిలింది. చదవడం ఆపాను, నీడ కిందికి జారిపోయింది. పుస్తకం పెట్టేసి బయటికి పరుగెత్తాను.

చర్చి వెనక, కిటికీ కింద ఒక బండరాయి మీద ఒకామె ముడుచుకుని కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. కొంగు నెత్తిన వేసుకుని ఉంది, చేతులకి ఇంకా చీపురు దుమ్ము. దొంగతనం చేస్తూ దొరికినట్టు నా కాళ్ల వంక చూస్తోంది.

"నువ్వేనా ఆమెన్ అన్నది?" అన్నాను.

ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుని అడ్డంగా తల ఊపింది.

ఆమె గురించి చెప్పింది గొర్రెల మనిషి. తిరిగి వెళ్లేటప్పుడు రోడ్డు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. "ఆయమ్మ పుట్టుమూగ. వినపడతాది గానీ మాట రాదు. చిన్నప్పుడు అందురితో పాటు పాడబోతే ఏందో గొర్రె అరిచినట్టు వచ్చేదంట. పిల్లకాయలు నవ్వేవాళ్లు. అప్పటి చర్చి పెద్ద ఒకాయన, పాపని ఆరాధన అయ్యేదాకా బయట కూర్చోబెట్టమని వాళ్లమ్మకి చెప్పినాడు. ఆ పొద్దు నుంచి అదే రాయి. వాళ్లమ్మ పొయ్యింది, అన్న బెంగుళూరు పొయ్యినాడు. రమ్మంటే పోలేదు. రోజూ వాళ్లమ్మ కాడుండిన తాళంచెవితో చర్చి తలుపు తెరిచి, చిమ్మి, తుడిచి, బయటికొచ్చి కూర్చుంటాది."

"లోపల ఎవరూ లేనప్పుడు కూడానా?"

"లేనప్పుడు కూడా."

ఆ సాయంత్రం ఇంట్లో ఫోను తీసి, మా అమ్మాయి ఎప్పుడో రికార్డు చేసిన పాట వెతికాను. క్రిస్మస్ ముందు మా చర్చిలో నేను పాడింది. గొంతు పోయిన తర్వాత దాన్ని ఒక్కసారి కూడా వినలేదు. చివరిదాకా విన్నాను. పాట అయ్యాక ప్రార్థన, ప్రార్థన చివర నేను సాగదీసి ఆమెన్ అన్నాను.

ఆ ఆమెన్ దగ్గరికి వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ విన్నాను. మా ఆయన వచ్చి ఏమైందని అడిగాడు. మొదటి వారం చర్చిలో జరిగింది చెప్పి, ఆ మూలనుంచి వచ్చిన గొంతు ఇదేనని ఆయన చెవిలో అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాడు. "పోబాక ఇంక," అన్నాడు.

మూడో వారం కూడా వెళ్లాను. భయం పోయి కాదు. ఆమె ఆ రాయి మీద కూర్చుని ఉంటుందని తెలిసిపోయింది, అందుకు. చర్చిలోకి వెళ్లకుండా నేరుగా వెనక్కి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. గింజుకుంది. నోరు చూపించి వద్దని తల ఊపింది. అప్పుడు నేను నా మెడ మీది కోత చూపించి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "నాకూ లేదు," అన్నాను. ఆమె నా మెడని వేలితో తాకి చూసింది. ఆ రోజు గుమ్మం దాకా వచ్చింది. పై వారం గడప దాటింది. ఆ తర్వాతి వారం నా పక్కనే చాప మీద కూర్చుంది, మోకాళ్లు దగ్గరికి లాక్కుని, ఎవరైనా వచ్చి లేపేస్తారేమోనని తలుపు వంకే చూస్తూ.

ఆ రోజు ప్రార్థన చివర ఆ గొంతు మళ్లీ వచ్చింది. అదే మూలనుంచి, అంతే నిండుగా. నేను వెంటనే కళ్లు తెరవలేదు. తెరిచేసరికి ఆమె ఆ మూలవైపే తల తిప్పి ఉంది. తర్వాత నావైపు తిరిగి, నా నోటిని, నా మెడని మార్చి మార్చి చూసింది. ఆమె ముఖంలో భయం లేదు. చుట్టం వచ్చిపోతే గుమ్మం దాకా సాగనంపే మనిషిలాగా, మూలకి కొంచెం తల వంచింది. 

ఆ గొంతు మళ్లీ ఎప్పుడూ రాలేదు. పాస్టరుగారికి ఈ సంగతి చెప్పాను. "నాకు తెలవదమ్మా. తెలవనిదానికి నేను అర్థం చెప్పను," అన్నారు. అదే నాకు నచ్చింది. నేను కూడా ఇప్పటిదాకా దానికి అర్థం చెప్పుకోలేదు.

ఎండాకాలంలో పనులు ఆగి ఒక కుటుంబం మద్రాసు నుంచి తిరిగొచ్చింది. మొగుడు, పెళ్లాం, ముసలి అత్త. వాళ్లు కూడా వచ్చి చాప మీద కూర్చున్నారు. నా మాట వినాలంటే అందరూ ముందుకు వంగాలి. మోకాలికి మోకాలు ఆనించి, ఊపిరి బిగబట్టి వినేవాళ్లు. మా ఆత్మకూరు చర్చిలో మైకులో పాడినప్పుడు నా పాటని ఎవరూ అట్లా వినలేదు.

వానాకాలంలో సీతారామపురం దారిలో వాగు పొంగి రోడ్డు కొట్టుకుపోయింది. రెండు ఆదివారాలు వెళ్లలేకపోయాను. మూడో వారం బురదలో నడిచి వెళ్తుంటే గొర్రెల మనిషి ఎదురొచ్చాడు.

"ఏం చేస్తా ఉండారమ్మా మీవాళ్లు లోపల? రెండు వారాలుగా చూస్తా ఉండాను. తలుపు తెరిచే ఉండాది, మనుషులుండారు, గంటసేపు చిన్న చప్పుడు కూడా లేదు. నాకు ఒళ్లు జలదరించి గొర్రెల్ని అటు తోలడమే మానేసినాను."

లోపలికి వెళ్లాను. నలుగురూ ఉన్నారు. మూగామె బల్ల వెనక, నేను నిలబడే చోట నిలబడి ఉంది. కొంగు నెత్తి మీద లేదు. నన్ను చూసి కంగారుగా పక్కకి తప్పుకోబోయింది. ముసలామెని పక్కకి పిలిచి అడిగాను, నేను లేనప్పుడు ఏం చేశారని.

"ఏముందమ్మా. ఆ బిడ్డ నిలబడితే నిలబడినాం. మోకాళ్లేస్తే మోకాళ్లేసినాం. పుస్తకం తెరిచి, ఒక్కో వరస మీద వేలు పెట్టుకుంటా పోయింది. మాకు చదువు రాదు, దానికి మాట రాదు. అయినా అది వేలు తీసిందాకా చూస్తానే కూర్చున్నాం. అది ఏడిస్తే ఆ వరసలో ఏడుపు మాట ఉండాదని తెలిసింది."

నేను సంచీ గోడవార పెట్టి, చాప మీద ముసలామె పక్కన చోటు చేసుకుని కూర్చున్నాను. కానివ్వమని మూగామెకి చేత్తో సైగ చేశాను. ఆమె మళ్లీ బల్ల వెనక్కి వచ్చింది. తర్వాత చెయ్యి చీరకి తుడుచుకుని, పుస్తకం తెరిచి, మొదటి వరస మీద వేలు పెట్టింది.