మూడుసార్లు తెచ్చిన లీవ్ లెటర్

మల్లాపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీకి నేను ఫోర్‌మన్‌ని. రెండేళ్ల కిందట పోయిన మా లేత్ ఆపరేటర్ గురించి పదిమందిలో నేనన్న మాట ఒకటి అబద్ధం. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

అతనిది నల్గొండ వైపు. ఉప్పల్‌లో అద్దెకుండేవాడు. సముద్రం చూపిస్తానని పెళ్లయిన కొత్తలో భార్యకు మాటిచ్చాడట. మాది బాపట్ల పక్క ఊరు కాబట్టి దారీ వసతీ నన్నే అడిగేవాడు. మూడుసార్లు లీవ్ లెటర్ తెచ్చాడు. మూడుసార్లూ నేను సంతకం పెట్టలేదు. ఒకసారి అర్జెంట్ ఆర్డరు. ఒకసారి రెండో ఆపరేటర్ రాలేదు. మూడోసారి కారణం నాకే గుర్తులేదు.

"సముద్రం ఎక్కడికి పోతుందయ్యా? వచ్చే వేసవిలో వెళ్దువుగానిలే," అన్నాను.

"అది పోదు సార్. మా ఇంటామెనే అలిగి పుట్టింటికి పోయెటట్టున్నది," అని నవ్వి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ వేసవి రాకముందే, ఒక ఆదివారం ఉదయం పాలప్యాకెట్ కోసం వెళ్లి గల్లీ మలుపులో కూలిపోయాడు. యాభై కూడా నిండలేదు.

దశదినకర్మ రోజు, భోజనాలకు ముందు, ఫొటో పక్కన నిలబడి నాలుగు మాటలు చెప్పమన్నారు. అలాంటి చోట అందరూ మంచే చెబుతారు. నేనూ చెప్పాను. "అంత పనిమంతుణ్ణి చూడలేదు. సెలవిస్తానన్నా తీసుకునేవాడు కాదు. మిషన్ ఆగుద్ది సార్ అనేవాడు." అందరూ తలలూపారు. అతని భార్య ఏడుపు ఆపి నావైపు చూసింది. నా పొగడ్తకు ఆమె మనసు నిండిందనుకున్నాను.

మొన్న నేనూ నా భార్యా నాచారంలో కూరగాయలు కొంటుంటే ఆమె కనిపించింది. ఈ ఎండాకాలం సముద్రం చూడ్డానికి మా ఊరు రమ్మని నా భార్య పిలిచింది.

"నాకేడిది వదినా ఆ రాత! సారు సెలవిస్తనన్నా ఆయననే వద్దన్నడంట గద. మిషన్‌తోనే కాపురం జేసిండు," అంది. నవ్వుతూనే అంది గాని, మొగుడి మీద కోపం రెండేళ్లుగా ఆరలేదని తెలుస్తూనే ఉంది.

ఇంటికొచ్చి నా భార్యకు నిజం చెప్పాను.

"ఆయన్ని పొగిడారా, మిమ్మల్ని కాపాడుకున్నారా?" అంది. "వెళ్లి చెప్పండి."

"ఆదివారం వెళ్తాను."

"ఇంకా ఆదివారాలే లెక్కపెడుతున్నారా?"

ఆ సాయంత్రమే ఉప్పల్ వెళ్లాను. ఆమె ఇచ్చిన టీ తాగకుండానే అంతా చెప్పేశాను.

"అడిగిండా? నిజంగ అడిగిండా?"

"మూడుసార్లు అడిగాడమ్మా."

"కాయిదంల ఏమని రాసిండు?"

"భార్యకు సముద్రం చూపించాలి అని. ఇంట్లో ఫంక్షన్ అని రాయవయ్యా, బాగుంటుంది అన్నాను. అబద్ధమెందుకు సార్ అన్నాడు."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. "నువ్వు మనిషివేనా అన్నా?" అంది. "రెండేండ్లు ఆయనతోని కొట్లాడిన. ఫొటో ముంగట నిలబడి తిట్టిన."

క్షమించమన్నాను.

"గది తర్వాత సూద్దాం. మీ ఊరికి రైలెప్పుడున్నది?"

ఎండలు తగ్గాక వెళ్దామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "రోజూ ఉంది. ఈ శుక్రవారమే వెళ్దాం," అన్నాను.

"వదినను గూడ తోల్కరా. ఆర్డరు గీర్డరు అన్నవనుకో, మీ ఫ్యాక్టరీ గేటు కాడికే వస్త."

శుక్రవారం ముగ్గురం బయలుదేరాం. మర్నాడు ఒడ్డున ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లకు ఎదురుగా నడిచింది. మొదటి అల కాళ్లను తాకగానే, "అగో, కాళ్లు పట్టి గుంజుతున్నది!" అని అరిచి నా భార్య చేయి పట్టుకుంది. ఇద్దరూ మోకాళ్ల లోతుదాకా వెళ్లారు. ఆమె నీళ్లవైపు తిరిగి, "సూస్తున్నవా? వచ్చిన," అంది. నాతో కాదు.

నేను పుట్టింది ఆ తీరంలోనే. ఇన్నేళ్లలో ఊరికి వచ్చినప్పుడు నా భార్యను ఒక్కసారైనా ఈ ఒడ్డుదాకా తీసుకురాలేదు. చెప్పులు విడిచి, ప్యాంటు మడుచుకుని, నేనూ నీళ్లలోకి దిగాను.